పాచి, గార, గుడాకు: మన చిగుళ్ళ చరిత్ర

1936 ఏప్రిల్ 1 వరకు మన బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ రోజున ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది, గంజాం అందులో కలిసింది. ఇది మనమందరం పరీక్షలో రాసే జవాబే. కానీ ఆ కాలంలో గేట్ బజార్‌లో ఒక మనిషికి చిగుళ్ళు వాచి, పన్ను ఊగుతూ ఉంటే ఎక్కడికి వెళ్ళేవాడు? ఈ ప్రశ్న ఏ పాఠంలోనూ లేదు. అందుకే నేను దీని మీద రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెప్తాను.

మనకి దగ్గరలో మెడికల్ కాలేజీ అంటే అప్పుడు విశాఖపట్నమే, అదీ 1923లో వచ్చింది. కటక్‌లో 1944లో, మన ఊళ్ళో ఎం.కె.సి.జి. 1962లో వచ్చాయి. పళ్ళ డాక్టర్ల సంగతి ఇంకా ఆలస్యం. దేశంలో మొట్టమొదటి దంత వైద్య కాలేజీని డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో పెట్టారు. చదువుకుని పేరు నమోదు చేసుకున్నవాళ్ళే పళ్ళ వైద్యం చేయాలనే చట్టం 1948లో గాని రాలేదు. అంతవరకు మామూలు జనానికి దిక్కు సంతలో కూర్చుని పళ్ళు పీకేవాడే. పీకడం తప్ప అతను చేయగలిగింది కూడా ఏమీ లేదు.

మరి జనం పళ్ళు ఎలా కాపాడుకున్నారు? పుల్లతో. సుశ్రుత సంహితలో వేప, చండ్ర, కానుగ, ఇప్ప పుల్లల పేర్లు ఉన్నాయి. ఏడో శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా బౌద్ధ భిక్షువు ఇత్సింగ్ పళ్ళపుల్ల గురించి ఏకంగా ఒక అధ్యాయం రాశాడు. పుల్ల పొడవు ఎనిమిది నుంచి పన్నెండు వేళ్ళ వెడల్పు ఉండాలట. ఒక చివర మెత్తగా నమిలి, దాంతో పళ్ళు తోముకుని, తర్వాత పుల్లని చీల్చి నాలుక గీసుకోవాలట. మా అమ్మమ్మ ఇత్సింగ్ పేరు ఎప్పుడూ వినలేదు గాని, చిన్నప్పుడు అచ్చం అలాగే చేసేదట!

పుల్ల దొరకని రోజు ఉప్పు. ఉప్పుకి మన జిల్లాలో పెద్ద కథ ఉంది. హుమ్మా ఉప్పు కొఠార్లు మనకి తెలిసినవే. 1930లో ఉప్పు సత్యాగ్రహం అక్కడ కూడా జరిగింది. అంటే పన్ను తోముకునే ఉప్పుకి కూడా సర్కారుకి పన్ను కట్టాల్సి వచ్చేది. బొగ్గుపొడి, పిడకల బూడిద, ఇటుక పొడి వాడినవాళ్ళూ ఉన్నారు. అవి గరుకువి. పన్ను తెల్లగా కనిపించినా, పైపొరా చిగురూ అరిగిపోతాయి. పాతది కాబట్టి అంతా మంచిదే అని నేను అనను.

ఇప్పుడు గుడాకు. పొగాకు, బెల్లపు పాకం, ఎర్రమట్టి కలిపిన నల్లటి ముద్ద ఇది. పేరులోనే 'గుడ' ఉంది, అంటే బెల్లం. వేలితో తీసి చిగుళ్ళకి రాస్తారు. మా అమ్మమ్మ పెళ్ళైన కొత్తలో పన్ను నొప్పికి పక్కింటావిడ ఇచ్చిందట. నొప్పి తగ్గింది. నిజంగానే తగ్గుతుంది, ఎందుకంటే పొగాకు మత్తుకి తెలియదు. జబ్బు మాత్రం లోపల అలాగే ఉంటుంది. పైగా పొగాకు తగిలిన చోట చిగురు కిందికి జారుతుంది, తెల్ల మచ్చలు వస్తాయి, క్యాన్సర్ కూడా రావచ్చు. పొగాకు కలిపిన పళ్ళపొడులు, పేస్టులు చేయకూడదు, అమ్మకూడదు అని కేంద్ర ప్రభుత్వం 1992లో నిషేధించింది. అయినా గుడాకు డబ్బా ఇప్పటికీ దొరుకుతోంది. అమ్మమ్మకి ఇప్పుడు నాలుగు పళ్ళు మిగిలాయి. డాక్టరు ఫీజు ఇవ్వలేని ఇంట్లోకి, చవగ్గా నొప్పి తగ్గిస్తానని వచ్చిన సరుకు ఇది. నా దృష్టిలో మన చిగుళ్ళ చరిత్రలో పెద్ద మోసం ఇదే.

ఇక నేను చెప్తానన్న రెండో కారణం. పోయిన ఏడాది నుంచి మా అమ్మకి పళ్ళు తోముకుంటే రక్తం వస్తోంది. ఒక ప్రైవేటు క్లినిక్‌లో చెప్పిన ఖర్చు మా ఇంటి నెల బియ్యం, పప్పుల కంటే ఎక్కువ. అమ్మ ఏం చేసిందంటే, రక్తం వచ్చే చోట బ్రష్ పెట్టడం మానేసింది. చాలా ఇళ్ళల్లో అమ్మలు ఇదే చేస్తారు.

అది ఎందుకు తప్పో 1965లో డెన్మార్క్‌లో తేలింది. హరాల్డ్ లో అనే పరిశోధకుడు ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మందిని పళ్ళు తోముకోవడం మానేయమన్నాడు. వాళ్ళలో ఎక్కువమంది విద్యార్థులే. పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లో అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టాక వారం రోజుల్లో మామూలయ్యాయి. ఏ మందూ లేదు! మనం 'పాచి' అనే ఆ మెత్తటి పొరలోనే క్రిములు ఉంటాయి. రక్తం వస్తోందంటే అక్కడ పాచి ఉందని అర్థం. కాబట్టి అక్కడే మెత్తగా, ఓపికగా తోమాలి.

ఆయనే తర్వాత శ్రీలంకలో 480 మంది తేయాకు తోట కూలీలని 1970 నుంచి 1985 వరకు గమనించాడు. వాళ్ళు బ్రష్ ఎరగరు, పళ్ళ డాక్టరునీ ఎరగరు. వందలో 8 మందికి జబ్బు వేగంగా ముదిరి, నలభై అయిదేళ్ళకే దాదాపు పళ్ళన్నీ పోయాయి. 81 మందికి మెల్లగా ముదిరింది. 11 మందికి చిగుళ్ళ వాపు దాటి ముందుకే పోలేదు. "మా తాత ఏమీ తోమకుండానే తొంభై ఏళ్ళు బతికాడు" అనేవాళ్ళ తాత ఆ పదకొండులో ఒకడై ఉంటాడు. మనం ఆ పదకొండులో ఉన్నామో ఆ ఎనిమిదిలో ఉన్నామో ముందుగా తెలిసే దారి లేదు.

ఇది చదివాక అమ్మకి మెత్తటి బ్రష్ కొన్నాం. పొద్దున్నా, రాత్రి పడుకునే ముందూ, చిగురు, పన్ను కలిసే గీత మీద కొంచెం వాలుగా పెట్టి తోముతోంది. బ్రష్ లేకపోతే బాగా నమిలి మెత్తబడిన వేపపుల్ల అయినా సరే, చిగురుకి గుచ్చుకోకూడదు. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది గాని, పాచి దాంతో పోదు. ముందు పళ్ళ దగ్గర అమ్మకి రక్తం ఆగింది. వెనక పళ్ళ దగ్గర ఆగలేదు. అక్కడ పాచి గట్టిపడి గార కట్టింది. గార పుల్లకీ రాదు, బ్రష్‌కీ రాదు, గోటితోనో సూదితోనో గీకకూడదు. దాన్ని ఆసుపత్రిలోనే తీయాలి. పన్ను కదిలినా, చీము వచ్చినా, దవడ వాచి జ్వరం వచ్చినా ఇంట్లో కూర్చోకూడదు. షుగర్ ఉన్నవాళ్ళకి చిగుళ్ళ జబ్బు తొందరగా ముదురుతుంది, అమ్మకి ఆ పరీక్ష కూడా చేయించాలి. అందుకని అమ్మని సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. ఒక రోజు కూలి పోతుందని అమ్మ ఇంకా గొణుగుతూనే ఉంది. అమ్మమ్మ మాత్రం గుడాకు మానేస్తే తల తిరుగుతుందంటోంది. డబ్బా ఇంకా ఆమె తలగడ కిందే ఉంది.