మోదుగ పువ్వు బొమ్మ గీసిందెవరు?

హోలీ ముందు జనగామ నుంచి మహబూబాబాద్ వైపో, భూపాలపల్లి అడవి దారిలోనో వెళ్తే, ఆకులు రాలిన మోదుగ చెట్లు ఎర్రగా పూసి కనిపిస్తాయి. వెంటనే ఫోన్ తీస్తాం. పువ్వుకు బాగా దగ్గరగా పెట్టి తీస్తే ఏమవుతుంది? రేకు కొన క్లియర్‌గా వస్తుంది, వెనకున్న తొడిమ మసక. తొడిమ మీద ఫోకస్ పెడితే కొన మసక.

ఇది మీ ఫోన్ తప్పు కాదు. ఏ లెన్స్ అయినా దగ్గరికి వెళ్లేకొద్దీ, అది స్పష్టంగా చూపించే లోతు తగ్గిపోతుంది. పెద్ద కెమెరాలో పువ్వు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేలా తీస్తే, ఎఫ్ 8 దగ్గర ఆ లోతు దాదాపు 1 మిల్లీమీటరే! దీనికి మందే ఫోకస్ స్టాకింగ్. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, ఫోకస్‌ను ముందు నుంచి వెనక్కి కొద్దికొద్దిగా జరుపుతూ 10, 20 ఫొటోలు తీస్తాం. ఒక్కోదాంట్లో క్లియర్‌గా ఉన్న భాగాన్ని సాఫ్ట్‌వేర్ ఏరి, అన్నీ కలిపి ఒకే ఫొటో చేస్తుంది. మధ్యలో గాలికి పువ్వు ఊగిందా, మళ్లీ మొదటికే!

మరి కెమెరానే లేని రోజుల్లో? విలియం రాక్స్‌బర్గ్ అని స్కాట్లాండ్ డాక్టర్, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1780లలో గోదావరి దగ్గరి సామర్లకోటలో ఉంటూ, ఇక్కడి మొక్కల బొమ్మలు మన దేశపు చిత్రకారులతో వేయించాడు. వాటిలోంచి ఏరిన 300 బొమ్మలు 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. కోరమాండల్ తీరం మొక్కల పుస్తకం అది. మొదటి సంపుటిలోనే మన మోదుగ ఉంది.

ఆ బొమ్మలో కొనా మసక లేదు, తొడిమా మసక లేదు. ఎలా? మన కన్ను కూడా ఒకసారికి ఒక దూరాన్నే స్పష్టంగా చూస్తుంది. చిత్రకారుడు రేకును చూసి రేకు గీశాడు, కేసరాన్ని చూసి కేసరం గీశాడు. అన్నిటినీ కాగితం మీద కలిపాడు. చేత్తో చేసిన ఫోకస్ స్టాకింగ్ అన్నమాట!

ఇప్పుడు అసలు విషయం. మోదుగ సైన్సు పేరు బ్యూటియా మోనోస్పెర్మా. ఆ బ్యూటియా, బ్యూట్ అనే బ్రిటిష్ ప్రభువు పేరు మీద పెట్టింది. ఆయన మన దేశంలో అడుగే పెట్టలేదు. పుస్తకం ముఖపత్రం మీద రాక్స్‌బర్గ్ పేరుంది, అచ్చు పని చూసిన జోసెఫ్ బ్యాంక్స్ పేరుంది. ఎండలో కూర్చుని పువ్వు వాడిపోకముందే గీసిన మనిషి పేరు మాత్రం లేదు.

ఒక్కటి మాత్రం మిగిలింది. రాక్స్‌బర్గ్ స్థానికుల్ని అడిగి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. మన సోమి చెట్టుకు ఇవాళ ప్రపంచమంతా వాడే సోయ్మిడా అన్న పేరు అలా తెలుగు మాటలోంచి వచ్చిందే.

అందుకే ఫ్రెండ్స్, ఈసారి పువ్వు ఫొటో పెట్టేటప్పుడు దాని ఊరి పేరు, తీసిన చోటు, తేదీ రాయండి. ఆ పేరు చెప్పిన పెద్దమనిషి ఒప్పుకుంటే, వాళ్ల పేరు కూడా రాయండి. అప్పుడు పోయిన పేరు ఎలాగూ దొరకదు, ఇప్పటిదైనా పోకూడదు కదా!