విశాఖ తీరమున యుద్ధపు జాడలు

నగర చరిత్రను గ్రంథములలో చదువుట ఒక ఎత్తు. కాలినడకను తెలిసికొనుట మరియొక ఎత్తు. విశాఖపట్టణమునకు వచ్చువారు సింహాద్రి అప్పన్నను సేవించి, సాయంకాలము సముద్రపు గాలి పీల్చి మరలిపోవుట పరిపాటి. కాని ఆ తీరపు బాట ప్రక్కనే రెండు యుద్ధముల చరిత్ర దాగియున్నది. ఎండ ముదరకమునుపే రామకృష్ణా బీచి నుండి బయలుదేరి దక్షిణముగా హార్బరు వైపు నడచెదము, రండు.

మొదట దృష్టి నాకర్షించునది కురుసుర జలాంతర్గామి. దీని పొడవు 91 మీటర్లు. 1969లో నౌకాదళమున చేరి, 1971 యుద్ధమున అరేబియా సముద్రములో పహరా కాచి, 2001లో విరమించి, 2002లో ప్రదర్శనశాలయైనది. లోపలి ఇరుకు దారులలో నడచినవారికి నావికుల జీవితమెంత కఠినమో బోధపడును. 1971 డిసెంబరు 3వ తేదీ రాత్రి తెల్లవారులోగా పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ ఈ తీరమునకు సమీపముననే మునిగిపోయినది. అది మన నౌకాదళపు దాడివలన మునిగెనని మనవారును, లోపలి ప్రేలుడువలననో మందుపాతరవలననో మునిగెనని వారును చెప్పుదురు. ఆ యుద్ధ విజయమునకు చిహ్నముగా 1996లో నిర్మించిన స్మారకము కూడ ఈ బాటలోనే కలదు.

ఇక పాత డచ్చి భవనములోని విశాఖ మ్యూజియమును దర్శింతము. అందు ప్రేలని బాంబు ఒకటి కలదు. అది జపాను విమానములు విడిచినది. 1942 ఫిబ్రవరిలో సింగపూరు, మార్చిలో రంగూను, అండమాను దీవులు జపానువారి వశమైనవి. మదరాసు, కలకత్తాల నడుమ 1933లో వెలసిన విశాఖ హార్బరు వారి దృష్టిలో పడుట సహజమే. ఏప్రిలు 6, సోమవారమునాడు ర్యూజో అను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపైనను, కాకినాడపైనను బాంబులు కురిపించినవి. హార్బరు ప్రాంతమున కొందరు ప్రాణములు కోల్పోయిరి. పోయిన ప్రాణములు కొద్దియే యైనను, కలిగిన భయము అపారము. పిల్లలతో, మూటలతో జనులు ఊరు విడిచి లోపలి గ్రామములకు తరలిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సైతము కొంతకాలము గుంటూరునకు తరలిపోయినది.

ఈ తీరమున అలలు ఇసుకను కోసినపుడు మందపు గోడల కాంక్రీటు గూడొకటి బయటపడినది. దీనినే పిల్ బాక్సు అందురు. శత్రువు ఒడ్డున దిగునేమోయని, సన్నని రంధ్రమునుండి తుపాకి సారించి సిపాయిలు ఇందు కాచుకొనెడివారు. విజయమునకు శిలాస్తంభములున్నవి, భయమునకు మిగిలిన గురుతు ఈ గూడు వంటివే.

నడక చివర కోస్టల్ బ్యాటరీ అను ప్రాంతము వచ్చును. తీరమును కాచిన ఫిరంగుల జ్ఞాపకము ఆ పేరులోనే నిలిచియున్నది. ఎదుట హార్బరు, దానిని కాచుచున్న డాల్ఫిన్ నోస్ కొండ కనబడును.

నౌకల పేర్లు, సేనానుల పేర్లు గ్రంథములలో భద్రముగనే యుండును. హార్బరులో మరణించిన కూలీల పేర్లు, ఆ రాత్రి ఊరు విడిచిన తల్లుల మాటలు మాత్రము ఇండ్లలోనే మిగిలినవి. ఆనాటి బాలురు నేడు తొంబదేండ్లకు చేరువైన వృద్ధులు. మీ యింట అట్టి పెద్దలున్నచో, నేడే దగ్గర కూర్చుండి అడుగుడు, వ్రాసియుంచుడు. రాతికెక్కని చరిత్రకు వారి జ్ఞాపకమే ఆధారము.