ప్లీడరు వృత్తియు, ప్రకాశము పంతులుగారి జీవితమును

మనవారిలో న్యాయవాద వృత్తి నవలంబించి వన్నెకెక్కినవారు పెక్కండ్రు గలరు. వారి పేరులు చెప్పుకొని సంతసించుట సభలయందు పరిపాటి. కాని యొక న్యాయవాది యెట్లు తయారగునో, ఆ మార్గమున నెవరి చేయూత వలయునో విచారించుట యంతకంటె ప్రయోజనకరమని మా యభిప్రాయము. అందులకు టంగుటూరి ప్రకాశము పంతులుగారి వృత్తిజీవితము తగిన నిదర్శనము.

పంతులుగారు 1872 ఆగస్టు 23వ తేదీని ఒంగోలు ప్రాంతమందలి వినోదరాయునిపాలెమున నియోగి కుటుంబములో జన్మించిరి. వారికి పదునొకండేండ్ల ప్రాయమున తండ్రి గోపాలకృష్ణయ్యగారు గతించిరి. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూటియిల్లు నడపి బిడ్డలను పెంచిరి. బాలుని తెలివిని గుర్తించి చేరదీసినవారు హనుమంతరావు నాయుడుగారను నుపాధ్యాయులు. వారు రాజమహేంద్రవరమునకు పోవునపుడు ప్రకాశముగారిని వెంట గొనిపోయి చదువు చెప్పించిరి; తమ నాటకములయందు వేషములును కట్టించిరి. సభయెదుట జంకక నిలుచుట పంతులుగారికి కోర్టుకంటె ముందు రంగస్థలమే నేర్పియుండునని మేము తలచుచున్నాము.

ఆ కాలమున న్యాయవాదులందఱు నొక్క తరగతివారు కారు. రెండవ తరగతి ప్లీడరునకు క్రింది కోర్టులే గతి. హైకోర్టున నప్పీళ్లు వాదించుటకు బి.ఎల్. పట్టము గల వకీళ్లును, ఇంగ్లండున చదివివచ్చిన బారిష్టర్లును అర్హులు. పంతులుగారు మద్రాసున న్యాయశాస్త్రమభ్యసించి, రెండవ తరగతి ప్లీడరై రాజమహేంద్రవరమున వృత్తి సాగించిరి. ధనమును కీర్తియు సమకూడెను. పురపాలక సంఘాధ్యక్ష పదవియు లభించెను. అయినను, తాము నడపిన దావా పై కోర్టునకు పోయినప్పుడు వేఱొకరిచే వాదింపవలసి వచ్చుట వారికి రుచింపలేదు.

ఆ యడ్డు తొలగించుకొనుటకు 1904లో వారు సీమకు పయనమైరి. సముద్రయానము దోషమని పెద్దలనేకులు తలచు దినములవి. మాంసము ముట్టనని తల్లికి మాటయిచ్చి పోయిరి. 1907లో బారిష్టరై తిరిగివచ్చి మద్రాసు హైకోర్టున ప్రవేశించిరి. తెల్లవారును, తమిళ సోదరులును ప్రముఖులుగానున్న యా న్యాయస్థానమున తెలుగు బారిష్టరు నిలద్రొక్కుకొనుట సామాన్యము కాదు. సివిలు, క్రిమినలు వ్యవహారములు రెంటను వారు పేరొందిరి. 1911లో తిరునెల్వేలి కలెక్టరు ఆష్ హతుడైన పిమ్మట నడచిన కేసులో, ప్రభుత్వాగ్రహమునకు వెఱవక, ముద్దాయిలలో నొకరి పక్షము వహించిరి. నేరము మోపబడినవానికిని వాదించువా డొకడుండవలెనను ధర్మమును వారట్లు నిలిపిరి. 'లా టైమ్స్' పత్రికకు సంపాదకత్వమును వహించిరి.

ఇట్లార్జించిన వృత్తిని 1921లో సహాయనిరాకరణోద్యమమున వదలిపెట్టి, 'స్వరాజ్య' పత్రికను స్థాపించి, గడించిన ధనమును దానికే ధారవోసిరి. 1946లో మద్రాసు రాష్ట్రమునకును, 1953లో ఆంధ్ర రాష్ట్రమునకును ప్రభుత్వ నాయకులైరి. 1957 మే 20వ తేదీని దివంగతులైరి. తరువాత 1961 నాటి న్యాయవాదుల చట్టము పాత తరగతులను తొలగించి, అడ్వకేటను నొక్క పేరునే నిలిపినది.

చట్టమున తరగతులు పోయినవి గాని పేదఱికమను నడ్డు పోలేదు. శుల్కములు చెల్లింపలేక, పుస్తకములు కొనలేక న్యాయవిద్య మానుకొను పిల్లలు నేడును గలరు. పట్టము పొందిన పిదపను, కక్షిదారులు తమంతట వచ్చువఱకు యువ న్యాయవాది కొన్నియేండ్లు కుటుంబముపై నాధారపడవలసినదే. పంతులుగారిని మనవారని చెప్పుకొను మనము ఒక్క సంగతి మఱువరాదు: పితృహీనుడైన యా బాలునకు విద్యాదాత మన కులమువాడు కాడు. ఆ యుపాధ్యాయుడు కులము చూచియుండినచో మనకీ గర్వకారణమే లేకపోవును. కావున మన సంఘ పోషకులు న్యాయవిద్యార్థులకు సాయము చేయునపుడు మనవారితోపాటు అన్యకులమువాడైన పేదవిద్యార్థి నొక్కనినైనను చేరదీయుదురు గాక. నాయుడుగారి ఋణము తీర్చుకొనుట కింతకంటె మంచి మార్గము మాకు తోచుట లేదు.