పన్నులు కట్టాకే కేంద్రం ఖర్చు పెడుతుందా?

"మా పన్నుల డబ్బుతో చదువుతున్నారు." యూనివర్సిటీల్లో దళిత విద్యార్థులకు ఈ మాట కొత్త కాదు. స్కాలర్‌షిప్ అడిగితే ప్రభుత్వం నుంచి వచ్చే జవాబు "ఖజానాలో డబ్బుల్లేవు". ముందు పన్ను వసూలవుతుంది, ఆ తర్వాతే కేంద్రం ఖర్చు పెడుతుంది అనే నమ్మకమే ఈ రెండు మాటలకూ మూలం. అది ఎంతవరకు నిజం?

లెక్క ఏం చెబుతోంది?

2024 జూలైలో పెట్టిన కేంద్ర బడ్జెట్‌లో మొత్తం ఖర్చు రూ.48.21 లక్షల కోట్లు. రాష్ట్రాల వాటా పోగా కేంద్రానికి మిగిలే పన్నులు రూ.25.83 లక్షల కోట్లు. అంటే సగానికి కాస్త ఎక్కువ. మిగతాదాంట్లో అధిక భాగం, రూ.16.13 లక్షల కోట్లు, అప్పు.

రాజ్యాంగం 266వ అధికరణ ప్రకారం పన్నులు, అప్పులు అన్నీ ఒకే సంచిత నిధిలో చేరతాయి. పార్లమెంటు ఆమోదంతోనే అందులోంచి తీయాలి. కాబట్టి ఫలానా వారి పన్ను ఫలానా విద్యార్థి ఫీజుకు పోయిందని ఎవరూ చూపించలేరు. పైగా జీఎస్టీ, పెట్రోలుపై సుంకం కూలి మనిషి కూడా కడుతున్నాడు.

రూపాయి ఎక్కడ పుడుతుంది?

కేంద్రం ఖాతా రిజర్వు బ్యాంకులో ఉంటుంది. కేంద్రం చెల్లింపు చేస్తే బ్యాంకుల దగ్గర రూపాయలు పెరుగుతాయి, పన్ను వసూలైతే తగ్గుతాయి. అందుకే ఆధునిక ద్రవ్య సిద్ధాంతం చెప్పే ఆర్థికవేత్తలు, సొంత కరెన్సీ ఉన్న దేశంలో ఖర్చే ముందు, పన్ను తర్వాత అంటారు. వారి దృష్టిలో పన్ను పని ధరలను అదుపు చేయడం, రూపాయికి గిరాకీ నిలపడం, అసమానత తగ్గించడం. ఎక్కువమంది ఆర్థికవేత్తలు దీన్ని ఒప్పుకోరు. సరుకులు, శ్రమ పెరగకుండా డబ్బు పెరిగితే ధరలు పెరుగుతాయన్నది వారి అభ్యంతరం. ఆ ప్రమాదం ఉందని మొదటి వర్గమూ అంగీకరిస్తుంది.

చట్టం కూడా హద్దు గీసింది. 2003 ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం ప్రకారం 2006 ఏప్రిల్ నుంచి, ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప, రిజర్వు బ్యాంకు కేంద్రం బాండ్లను నేరుగా కొనకూడదు. మార్కెట్లో మాత్రం కొనవచ్చు. ఇది ప్రకృతి నియమం కాదు, పార్లమెంటు పెట్టుకున్న నియమం. కరోనా ఏడాది 2020-21లో లోటు 3.5 శాతం అనుకుంటే జీడీపీలో 9 శాతం దాటింది. కేంద్రం ఖర్చు ఆగలేదు.

రాష్ట్రాల సంగతి వేరు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రూపాయి ముద్రించలేవు, 293వ అధికరణ కింద అప్పుకూ కేంద్రం అనుమతి కావాల్సి వస్తోంది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ భారాన్ని కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున పంచడం అందుకే ముఖ్యమైన విషయం.

అంబేడ్కర్ హెచ్చరిక

1923లో వచ్చిన 'ద ప్రాబ్లం ఆఫ్ ద రూపీ'లో అంబేడ్కర్ కరెన్సీ జారీకి స్థిరమైన పరిమితి ఉండాలని వాదించారు. నోటుకు హద్దు లేకపోతే ధరల దెబ్బ ముందు తగిలేది కూలీకే. కనుక "ముద్రిస్తే చాలు" అన్నది మన నినాదం కాకూడదు.

అయితే "డబ్బుల్లేవు" అన్నది కేంద్రం నోట సమాధానం కాదు. చదువు చెప్పే టీచర్లు, కట్టాల్సిన హాస్టళ్లు, వాటికి కావాల్సిన సరుకులు దేశంలో ఉన్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఉంటే, ఆపుతున్నది ఖజానా కాదు, ప్రాధాన్యం. ఎస్సీల సంక్షేమ కేటాయింపుల పట్టిక ప్రతి బడ్జెట్‌తో వస్తుంది. అందులో కేటాయించిందెంత, ఖర్చయిందెంత అని అడగడం మన హక్కు.