గండికోట - గండి ముందా, కోట ముందా?

వీకెండ్ వస్తే చాలు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ జనాలంతా కార్లేసుకుని గండికోటలో వాలిపోతున్నారు. లోయ అంచున కూర్చుని ఒక ఫొటో, కింద "ఇండియన్ గ్రాండ్ కాన్యన్" అని ఓ కాప్షన్. నాకు ఆ కాప్షన్ అంటే ఒళ్ళు మంట. మన ఊరికి అమెరికా సర్టిఫికెట్ ఎందుకండీ, పేరులోనే అంతా ఉంటే?

జమ్మలమడుగుకి పడమరగా 15 కిలోమీటర్ల దూరంలో పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసేసి దారి చేసుకుంది. అదే గండి. ఒకవైపు నిలువునా లోయ ఉంటే ఆ వైపు గోడ కట్టే ఖర్చు మిగిలినట్టేగా! కైఫీయతు ప్రకారం 1123లో కాకరాజు అక్కడ కోటకి పునాది వేశాడు. తర్వాత పెమ్మసాని నాయకులు విజయనగర సామంతులుగా దాన్ని ఏలారు. ఇంత గట్టి కోట కూడా 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి చిక్కింది.

1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి నగల వ్యాపారి మీర్ జుమ్లాని కలవడానికి ఇక్కడికొచ్చాడు. ఆయన రాసిన ఒక ముచ్చట భలే ఉంటుంది. మీర్ జుమ్లా గుళ్ళలోని రాగి విగ్రహాలు తెప్పించి, వాటిని కరిగించి ఫిరంగులు పోయమని మాయే అనే ఫ్రెంచివాడికి అప్పగించాడట. గండికోట గుడి విగ్రహాలు మాత్రం ఎంతకీ కరగలేదట. చివరికి ఒక్క ఫిరంగి కూడా సరిగ్గా రాలేదు, మాయేగారు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. ఫారిన్ కన్సల్టెంట్, ఫెయిలైన ప్రాజెక్టు - మనకి కొత్త కథేం కాదు :)

1800లో నిజాం ఈ సీమని కంపెనీవాళ్ళకి దత్తం చేశాక కోటకి పని లేకుండా పోయింది. గండికి మాత్రం పని తప్పలేదు. పెన్నాలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కదా. అందుకని శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళని పోతిరెడ్డిపాడు, అవుకు మీదుగా తెచ్చి, పెన్నా మీద కట్టిన గండికోట రిజర్వాయర్లో నింపుతున్నారు. దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. అక్కడి నుంచి పంపులతో పైడిపాలెం, చిత్రావతి రిజర్వాయర్లకి ఎత్తిపోస్తే పులివెందుల వైపు పొలాలు తడుస్తాయి. కిందికి వదిలితే మైలవరం డ్యాము, దాని కాలవల మీద జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ఆయకట్టు.

ఇంత నీళ్ళు నిలబడాలంటే ఎక్కడో ఊళ్ళు మునగాలి. కొండాపురం మండలంలో తాళ్ళ ప్రొద్దుటూరు అని ఒక పెద్ద ఊరుండేది (బంగారం కొట్ల ప్రొద్దుటూరు కాదు, అది వేరు). 2020లో రిజర్వాయర్ నింపుతుంటే, పరిహారం, పునరావాసం పూర్తి కాకుండా ఎలా కదులుతామని జనం ధర్నాకి కూర్చున్నారు. వాళ్ళు కూర్చుని ఉండగానే నీళ్ళు ఊళ్ళోకి వచ్చేశాయి. ఆ ఏడాది చివరికల్లా రిజర్వాయర్ నిండింది, పేపర్లో ఫొటోలు కూడా వేశారు. నీళ్ళు రావద్దని నేననను, కరువు చూసిన సీమ ఇది. కానీ కాకరాజు పేరు, మీర్ జుమ్లా పేరు చెప్పే గైడు ఎవరైనా ఈ ఊరి పేరు కూడా చెప్తాడేమో, ఈసారి వెళ్ళినప్పుడు అడిగి చూడండి.