బ్రౌను దొర గ్రంథపఠనము

గ్రంథము చిరకాలము నిలుచుట దానిని రచించిన కవివలన మాత్రమే కాదు. దానిని చదివి మెచ్చినవారివలనను, తమ రుచికి సరిపడకున్నను పదిలపఱచినవారివలనను గూడ. చార్లెస్ ఫిలిప్ బ్రౌను చరిత్రయే ఇందులకు నిదర్శనము.

బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించెను. 1817లో కంపెనీ కొలువునకై చెన్నపట్టణము చేరి తెలుగు నేర్వనారంభించి, 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. ఆనాడు తెలుగు కావ్యములు చాలవఱకు తాళపత్రములపైననే యుండెను. చదువగోరువాడు మొదట గ్రంథమును వెదకి సంపాదింపవలెను. పిమ్మట లేఖకుల తప్పులను దిద్దుకొనవలెను. ఆ తరువాతనే చదువు.

దుబాయి అను ఫ్రెంచి మతగురువు రచనలో వేమన ప్రస్తావన చూచి బ్రౌను ఆ పద్యములకై అన్వేషించెను. పండితులు పెక్కురు వేమనను కవులలో లెక్కింపరైరి. జనుల నాలుకలపై నాడుచున్న ఆ సూటియైన తెలుగే బ్రౌనునకు రుచించెను. ఆయన ప్రతులను సేకరించి, పాఠములను సరిచూచి, 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. విద్వాంసులు చిన్నచూపు చూచిన ద్విపద కావ్యములును భాష నేర్చువారికి సుగమములని ఆయన తలంచెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణమును శ్రద్ధతో చదివి, 1840లో జంగముల మతమును, ఆచారములను, వాఙ్మయమును గూర్చి వ్యాసము ప్రకటించెను.

ఈ అభిప్రాయములు నిర్దుష్టములని చెప్పరాదు. పరదేశమునుండి వచ్చి భాష నేర్చుకొనువాని దృష్టి ఆయనది. అర్థము తేటపడినచోట ఆనందించెను. శ్లేషలును, దీర్ఘసమాసములును దారి కడ్డుపడినచోట విసుగు చెందుట సహజము. అయినను తనకు కష్టమైన కావ్యమును ఆయన త్రోసివేయలేదు. శ్లేషలకు పేరెన్నికగన్న వసుచరిత్రమునకు జూలూరి అప్పయ్య పండితునిచే వ్యాఖ్యానము వ్రాయించి 1844లో ముద్రింపించెను. కడపలో తన బంగళాయందు పండితులను, లేఖకులను నిలిపి, తన జీతము చాలక అప్పులు చేసియు వారిని పోషించెను. సెలవుపై ఇంగ్లండులో నున్న కాలమున, లండనులోని కంపెనీ గ్రంథాలయమున పట్టించుకొనువారు లేక పడియున్న రెండువేలకు పైగా దక్షిణదేశ వ్రాతప్రతులను చెన్నపట్టణమునకు పంపు ఏర్పాటు చేసెను.

1852లో వెలువడిన ఆయన నిఘంటువునందు కావ్యపదములు, వాడుకమాటలు ఒకేచోట చేరినవి. పండితుని పలుకునకును, పామరుని పలుకునకును అందు సమానముగ చోటు లభించెను. 1855లో ఆయన ఈ దేశమును విడిచి, పిమ్మట లండను విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యుడై, 1884లో మరణించెను. ఆయన సంపాదించిన గ్రంథములు చెన్నపట్టణపు ప్రాచ్య లిఖిత గ్రంథాలయమును సుసంపన్నము చేసినవి. కడపలో ఆయన నివసించిన చోట నేడు ఆయన పేరిట గ్రంథాలయము వెలసియున్నది.

ఏ పుస్తకము మంచిదో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము ప్రతి పాఠకునకును కలదు. కాని ఒకని మెప్పు మఱియొకని చదువునకు ఎల్ల కాకూడదు. బ్రౌను వేమనను ప్రేమించెను, వసుచరిత్రమును రక్షించెను. మొదటిది పాఠకుని రుచి. రెండవది గ్రంథాలయ ధర్మము. పల్లెలోని చిన్న పుస్తకాల బీరువాకు సైతము ఈ రెండును అవశ్యకములు.