ఉపగ్రహములు చూపిన చోటు

రేడియో పెట్టె మనకు వార్తలను, సంగీతమును వినిపించును. అదే రేడియో తరంగము మనము భూమిమీద ఏ తావున నిలిచియున్నామో కూడ చెప్పగలదను ఊహ 1957వ సంవత్సరపు ఒక సంఘటననుండి పుట్టినది. ఆ యేడు అక్టోబరు 4వ తేదీన సోవియట్ రష్యా స్పుట్నిక్కును అంతరిక్షమునకు పంపెను. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో విలియం గయర్, జార్జి వీఫెన్‌బాక్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు దాని కూతను రేడియోలో పట్టిరి. స్టేషనులో ఆగక పోవు రైలుబండి కూత దగ్గరకు వచ్చునప్పుడు కీచుగాను, దాటిపోవునప్పుడు బొంగురుగాను వినబడును గదా! స్పుట్నిక్కు కూతలోను అట్టి మార్పే ఉండెను. దానిని కొలిచి వారు ఉపగ్రహపు కక్ష్యను గణించిరి. మరుసటి యేడు వారి పై అధికారి ఫ్రాంక్ మెక్లూర్ ప్రశ్నను తిరగవేసెను: ఉపగ్రహమెచట నున్నదో ముందే తెలిసినచో, వినువాడెచట నున్నాడో తెలియదా? ఈ ప్రశ్ననుండి పుట్టిన ట్రాన్సిట్ పద్ధతి 1964 నాటికి అమెరికా నౌకాదళమునకు ఉపయోగపడసాగెను.

దాని తరువాత వచ్చినదే జి.పి.ఎస్. అందలి మొదటి ఉపగ్రహము 1978లో ఎగిరెను. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ప్రతి ఉపగ్రహములోను పరమాణు గడియారములు కలవు. ప్రతిదియు తన చోటును, తన కాలమును నిరంతరము ప్రకటించుచుండును. ఆ మాట మన చేతిలోని యంత్రమునకు చేరుటకు సెకండులో పదునైదవ వంతు పట్టును. నాలుగు ఉపగ్రహముల మాటలు వినినచో యంత్రము లెక్కగట్టి మన అక్షాంశ రేఖాంశములను, ఎత్తును తేల్చును. గడియారము సెకండులో పది లక్షలవ వంతు తప్పినచో దూరము 300 మీటర్లు తప్పును.

సైన్యముకొరకు కట్టిన ఈ పద్ధతి జనులకు దక్కుట వెనుక ఒక విషాదమున్నది. 1983 సెప్టెంబరు 1న కొరియా దేశపు ప్రయాణికుల విమానమొకటి దారి తప్పి సోవియట్ గగనతలమున ప్రవేశించెను. సోవియట్ యుద్ధవిమానము దానిని కూల్చగా 269 మంది మరణించిరి. జి.పి.ఎస్. సిద్ధమైన పిమ్మట పౌరవిమానములకు ఉచితముగా లభించునని అధ్యక్షుడు రీగన్ అంతట ప్రకటించెను. అయితే ఇచ్చిన చేతితోనే కొంత తీసికొనిరి. జనులకు వినబడు సంకేతములో బుద్ధిపూర్వకముగా దోషము కలిపిరి. చూపిన చోటు వంద మీటర్లవరకు తప్పవచ్చును. ఇందులోని వింత గల్ఫ్ యుద్ధమున బయటపడినది. సైన్యమునకు తగినన్ని సైనిక యంత్రములు లేకపోగా సైనికులు అంగడిలో దొరకు పౌరయంత్రములనే వాడిరి. తమ దోషము తమ వారికే తగులుచుండగా ప్రభుత్వము దానిని అప్పటికి ఆపవలసివచ్చెను.

చేత పట్టుకొని తిరుగదగిన పౌరయంత్రము మొదట అంగడికెక్కినది 1989లో. మాజెల్లాన్ సంస్థవారి ఆ యంత్రము వెల సుమారు మూడువేల డాలర్లు. సామాన్య గృహస్థునకు అది అందని పండే.

2000 మే 1వ తేదీ అర్ధరాత్రి అధ్యక్షుడు క్లింటన్ ఆజ్ఞచే ఆ కృత్రిమ దోషము తొలగింపబడెను. ఒక్క రాత్రిలో లోకమందలి యంత్రములన్నియు దాదాపు పదిరెట్లు నిక్కమైనవి. రెండు దినములు గడచెనో లేదో, మే 3న, ఆరెగాన్ రాష్ట్రమున బీవర్‌క్రీక్ సమీపమున డేవ్ అల్మర్ అనునతడు ఒక నల్లని బకెట్టును సగము పాతిపెట్టి, దాని చోటును అందరికి ప్రకటించెను. లోపల పుస్తకములు, ఒక ఉండేలు, ఒక బీన్సు డబ్బా మొదలగునవి ఉంచెను. వచ్చినవారు ఒక వస్తువు తీసికొని మరియొకటి ఉంచవలెను, పేరు వ్రాయవలెను, ఇదియే నియమము. కొలది దినములలోనే ఇరువురు దానిని కనుగొనిరి. ఈ ఆటకు జియోకాషింగ్ అను పేరు ఆ నెలలోనే వచ్చెను. దీనికి తాత వంటిది ఇంగ్లండులో ఉన్నది: 1854లో డార్ట్‌మూర్ చిత్తడినేలలో జేమ్స్ పెరట్ అను మార్గదర్శి ఒక సీసా ఉంచగా యాత్రికులు అందులో తమ పేరు చీటీలు వేసి వచ్చెడివారు.

అల్మర్ ఇచ్చిన గుర్తు: ఉత్తరము 45 డిగ్రీల 17.460 నిమిషములు, పశ్చిమము 122 డిగ్రీల 24.800 నిమిషములు. ఇట్లు యంత్రములో భద్రపరచు చోటును ఆంగ్లమున వేపాయింట్ అందురు; దారిగుర్తు అన్నచో మనకు సులభము. ఇచట ఒక చిక్కు కలదు. 17.460 అనుదానిని 17 నిమిషముల 46 సెకండ్లుగా చదివినచో అర కిలోమీటరుకు మించి ఉత్తరమునకు పోదుము. నిజమునకు అది 27.6 సెకండ్లే. రెండవ అంకె జాగరూకుని కాపాడును, ఎందుకనగా 80 సెకండ్లు అనునవి లేవు. మొదటి అంకెను మాత్రమే చూచువాడు అడవిలో తిరుగవలసినదే.

ఆనాటి చిన్న పసుపు రంగు గార్మిన్ యంత్రము 500 దారిగుర్తులు పట్టును, ఒక్కొక్క పేరునకు ఆరక్షరములే. పెట్టెలకు జి.సి. తో మొదలగు చిన్న సంకేతములు ఆ ఇరుకులో చక్కగా ఇమిడినవి. 2002లో జి.పి.ఎక్స్. అను ఉమ్మడి రూపము వచ్చిన పిదప గుర్తులను చేతితో ఒత్తు శ్రమ తగ్గినది. పెట్టె చూచి వచ్చిన గుర్తును వెంటనే తొలగించువారిని మేము మెచ్చుకొందుము. ఐదు వందల పాతగుర్తుల మధ్య నేటి గుర్తు వెదకుట మరియొక ఆటయగును.

యంత్రమును ఎంచుకొనువారు తెర రంగులను గాక, చెట్లక్రింద అది ఉపగ్రహములను వినగలదా అని అడుగవలెనని మా అభిప్రాయము. అంగడిలో దొరకు బ్యాటరీలు పట్టునదైనచో మేలు. పాతవానిలో బాణపుగుర్తు మనము నడచునప్పుడే సరిగా చూపును. నిలిచినచో దానికి దిక్కు తెలియదు. పెట్టె దాచువాడు ఒక్కసారి చూచి వ్రాసికొనరాదు. కొన్ని నిమిషములు నిలిచి సగటు తీయవలెను, వీలైనచో మరియొక దినము రావలెను. వెదకువాడు పది మీటర్ల దూరమున యంత్రమును జేబులో వేసి కన్నులను వాడవలెను.

మన దేశమున మరియొక జాగ్రత్త అవసరము. భారతదేశపు పాత సర్వే పటములు ఎవరెస్టు పేరిట ప్రసిద్ధమైన భూగోళ కొలతపై ఆధారపడినవి. ఆ జార్జి ఎవరెస్టు 1818లో హైదరాబాదులో లాంబ్టను సర్వేలో చేరినవాడే. మరుసటి యేడు కృష్ణా గోదావరుల నడుమ అడవులలో విషజ్వరముపాలై, కోలుకొనుటకు దక్షిణాఫ్రికాకు పోవలసివచ్చెను. జి.పి.ఎస్. వాడు కొలత వేరు, దాని పేరు డబ్ల్యు.జి.ఎస్. 84. రెండింటిని కలిపివేసినచో మన ప్రాంతమున చోటు వంద గజములకు మించి జరుగును. 2005 నాటి పటముల విధానము పిదప వచ్చిన ప్రజావినియోగపు పటములు కొత్త కొలతపైననే ఉన్నవి. పాత పటము చేత నున్నవారు, దానిలో గుర్తించిన ఒక గుడి ముంగిట నిలిచి, యంత్రము చూపు అంకెలను పటముతో సరిచూచుకొని, ఆ పిమ్మటనే బయలుదేరవలెను.